భాద్రపదం యూరియా

మా బావ పేరు పరదేశి. ఆ పేరు చెప్తే టౌను వాళ్ళు నవ్వుతారు గానీ మా వైపు అది నవ్వులాటకి పెట్టే పేరు కాదు. ఆయనకి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదట. ఈసారి పుట్టినవాణ్ణి మనవాడని మురిసిపోతే మళ్ళీ ఎవరి కన్ను పడుతుందోనని, వీడు మాకేమీ కాడు, దారిన పోయే పరదేశి అని పేరు పెట్టేశారు. యముడు నమ్మాడో లేదో నాకు తెలీదు గానీ మనిషి మాత్రం దక్కాడు. తరవాత పుట్టిన తమ్ముడికి మామూలుగా సత్తియ్య అనే పెట్టుకున్నారు.

ఇప్పుడు మా బావకి అరవై దగ్గర పడుతోంది. కుడి మోకాలు వాచిపోయి ఉంటుంది. అరుగెక్కాలంటే గోడ పట్టుకుంటాడు. అయినా తెల్లారేసరికి చెరకు తోట గట్టు మీద ఉంటాడు. అక్కడేం చేస్తున్నావు బావా అంటే, "ఏటీ లేదురా, సూత్తన్నాను" అంటాడు. అలిసిపోయి కూడా కూర్చోవడం చేతకాని మనుషులు కొందరుంటారు. వాళ్ళని చూస్తే నాకు జాలి కంటే ముందు చిరాకు వస్తుంది.

నా సంగతి చెప్పాలంటే, నా పేరు నానాజీ. ఆయన భార్య అప్పలకొండమ్మ నాకు అక్క. కశింకోట సెంటర్లో నాకో జెరాక్స్ కొట్టుంది. అక్కా బావల ఊరు అక్కణ్ణించి షేర్ ఆటోలో పావుగంట. వ్యవసాయం నాకు పడదు. ఆకాశం వైపు చూస్తూ బతకడం నా వల్ల కాదని చిన్నప్పుడే తేల్చుకుని, కరెంటు పోతే తప్ప కష్టం లేని పని పెట్టుకున్నాను. అందుకని రైతుల గురించి నేను రాస్తే కాస్త బయటివాడి మాట ఉంటుంది. సర్దుకోండి.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఉన్నది ఒకే చెక్క పొలం. పంచుకోలేదు, పంచుకుంటే ఇద్దరికీ మిగిలేది గట్టే. సత్తియ్య పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. కంపెనీ బస్సు వస్తుంది, ఎక్కుతాడు, దిగుతాడు, పడుకుంటాడు. పొలం చూసేది మా బావ, మా అక్క. మొదట్నించీ చెరకే. ఎడ్లు గానుగ తిప్పే రోజుల్లో మా బావ చిన్నవాడు, ఎడ్ల వెనక తిరిగేవాడు. తరవాత ఇంజన్లొచ్చాయి, ఆ తరవాత మోటార్లొచ్చాయి. ఎన్నొచ్చినా రసం పెనంలో పోసి, కింద పిప్పి మంట పెట్టి, పాకం వచ్చేదాకా కాచి బెల్లం దించడం మాత్రం మారలేదు. అనకాపల్లి బెల్లం అని మీరు కొట్లో అడిగి తెచ్చుకునేదాని వెనక ఇలాంటి పొగపట్టిన పాకలే ఉంటాయి.

యూరియా విషయంలో మా బావంత పిసినారి ఊళ్ళో ఇంకొకడు లేడు. ఎవరి తోట పక్కనించి వెళ్ళినా ఊరుకోడు. ఆకు మరీ ముదురు పచ్చగా కనిపిస్తే ఆగి, "ఎవుడిదిరా ఈ తోట? అమాస రేతిరి లాగ ఉంది. బెల్లం వండుతావా, గడ్డి కోత్తావా?" అని అడిగేస్తాడు. అడిగించుకున్నవాడు నవ్వుతాడు. ఆయన చెప్పేది ఊరందరికీ తెలిసిన సంగతే. యూరియాలో ఉండేది నత్రజని. అది అందుతున్నంతకాలం చెరకు ఆకులు వేసుకుంటూ, పొడుగు పెరుగుతూ, పక్కన కొత్త పిలకలు లేపుతూ పోతుంది గానీ తీపి కూడబెట్టుకోదు. "తిండి అలవాటైపోయిన గెడ దాసుకోడం మర్సిపోతాదిరా" అనేవాడు మా బావ. అందుకని నాటిన కొన్నాళ్ళకి ఒకసారి, వానలు ముదరకముందు ఇంకోసారి, అంతే. ఆషాఢం దాటిందంటే గుప్పెడు కూడా పడనివ్వడు. దాటాక వేస్తే చెరకు గెడ లావుగా, కంటికి నదరుగానే ఉంటుంది. పెనంలోకి దిగాకే అసలు రంగు బయటపడుతుంది. బెల్లం నల్లగా, చెమ్మగా, నాలిక్కి కాస్త ఉప్పగా వచ్చి దిమ్మ కట్టదు.

ఈ మధ్య వరసగా వానలు చెడగొట్టి రెండేళ్ళు బెల్లం బాగా రాలేదు. అనకాపల్లి మార్కెట్లో మా వాళ్ళ దిమ్మల్ని పక్కకి తోసేశారు. మూడో ఏడు ముక్కలు నాటేముందు, ఒక ఆదివారం సత్తియ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు నేనూ ఉన్నాను.

"అన్నా, సరుగుడు ఏసేద్దారి" అన్నాడు. "మొక్కలు పాతితే నాలుగేళ్ళు సూడక్కర్లేదు. నీ మోకాలికీ సుకం, వదినకీ సుకం."

"సరుగుడేసీసి నానేటి సెయ్యాల?" అన్నాడు మా బావ.

"పరవాడలో మా కంపెనీ గేటు కాడ కూకునే పనుంది. నీడలో కుర్చీ ఏత్తారు. నాను మాటాడతాను."

గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మా బావని నేను ఊహించుకోబోయాను, కుదరలేదు. మా అక్క లోపలనించి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ పెళ్ళై వచ్చిన ఏడే గానుగ దగ్గర పిప్పి ఎగదోయడం నేర్చుకుంది. ఆవిడకి ఆ పాకే పుట్టిల్లు, అత్తిల్లు. కూతురు ఇందు పెళ్ళై సబ్బవరం వెళ్ళిపోయాక ఇంట్లో మాట్లాడ్డానికి ఏమీ మిగలక, మొగుడూ పెళ్ళాం చెరకు గురించే మాట్లాడుకుంటారు.

"ఈ ఒక్క ఏడు సూడు సత్తియ్యా" అంది అక్క. "ఈ ఏడు దిమ్మ గట్టిగా దిగకపోతే నీ ఇట్టం."

సత్తియ్య చెడ్డవాడు కాదు. మొండివాడూ కాదు. రాత్రి డ్యూటీలు చేసి చేసి కళ్ళు లోపలికి పోయినవాడు. "సరే వదినా. ఈ ఏడు మొదటి పెనం దిగినప్పుడు నానే వచ్చి సూత్తాను. దిమ్మ కడితే సెరుకే. కట్టకపోతే మరింకేటీ అనకండి" అన్నాడు. అన్నదమ్ములు కాగితాలు రాసుకోలేదు. అరుగు మీద మాటే మాట.

ఆ ఏడు మా బావ తోటని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాడు. మొదటి దఫా యూరియా సమయానికే పడింది. రెండో దఫా కోసం ఆషాఢం మొదట్లో సొసైటీకి వెళ్తే, లోడు రాలేదన్నారు. రేపన్నారు. ఎల్లుండన్నారు. వచ్చిన లోడు వచ్చినట్టే ముందున్నవాళ్ళకి సరిపోయింది. ఊళ్ళో వరి వాళ్ళు కూడా అప్పుడే ఎగబడ్డారు. జనం తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి, పక్కన చెట్టు కింద కూర్చునేవారు. మనిషి బదులు చెప్పులు లైన్లో నిలబడతాయన్నమాట. ఆ వరసలో మా బావ చెప్పులు గుర్తు పట్టడం తేలిక. ఒక చెప్పు మడమ దగ్గర బాగా అరిగిపోయి ఉంటుంది, మోకాలి వల్ల.

ఆ రోజుల్లో నా కొట్టు మాత్రం కిటకిటలాడింది. ఆధార్ కాపీ, పాస్‌బుక్కు కాపీ, మళ్ళీ ఆధార్ కాపీ. రైతు ఏడుస్తుంటే జెరాక్స్ వాడు నవ్వే కాలం వచ్చిందని మా బావ నన్ను ఎత్తిపొడిచేవాడు. నేను ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు, అదొక్కటే నేను చేసింది.

ఆషాఢం అయిపోయింది. శ్రావణంలో వానలు దంచేసి తోటలో నీళ్ళు నిలబడ్డాయి. ఆకు పసుపు తిరిగింది. మా బావ గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి ఇంటికొచ్చి, "ఇంక యూరియా కోసం ఎల్లొద్దులే" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. నీళ్ళు తీసేస్తే తోట దానంతటదే తేరుకుంటుందనీ, ఇప్పుడు యూరియా వేస్తే బెల్లం పోతుందనీ ఆయన బుర్రలో ఉంది. పైకి వచ్చింది మాత్రం "ఎల్లొద్దులే" అన్న మాటే. కష్టపడే మనుషులకి నోరు పొదుపు. ఆ పొదుపు ఎంత ఖరీదో తరవాత తెలుస్తుంది.

మా అక్క ఆ మాటని వేరేగా అర్థం చేసుకుంది. మోకాలు నొప్పికి ఓర్చుకోలేక ఈయన చేతులెత్తేశాడనుకుంది. ఆషాఢం దాటాక వద్దన్నది రెండు దఫాలూ పడిన తోట మాట, మన తోటకి ఒక దఫా బాకీ ఉంది కదా అన్నది ఆవిడ లెక్క. పసుపు తిరిగిన తోటని చూస్తూ, సత్తియ్యకి ఇచ్చిన మాట తల్చుకుంటూ, ఇంక తనే నడుం బిగించింది. పుట్టింటికి వెళ్తున్నానని ఒకరోజు, సంతకని ఒకరోజు, నా కొట్టుకి వస్తున్నానని ఒకరోజు చెప్పి సొసైటీ దగ్గర లైన్లో నిలబడింది. ఈయనకి తెలిస్తే తనే వచ్చి నిలబడతాడని ఆవిడ భయం.

భాద్రపదం మధ్యలో ఒకరోజు, పొద్దు బాగా ఎక్కాక, మా అక్క నా కొట్టు ముందు ఆటో ఆపించింది. వెనక రెండు యూరియా బస్తాలున్నాయి. ఆవిడ జుట్టు రేగిపోయి ఉంది. కొంగు ఒక పక్క చిరిగింది. ముఖంలో మాత్రం నేను ఎన్నాళ్ళగానో చూడని కళ ఉంది.

"దొరికినాయిరా నానాజీ!" అంది. "నా ఏలు ఆ ముద్దర్ల మిషన్లో పడలేదురా. గీతలు అరిగిపోనాయంట. పక్కకి పొమ్మన్నాడు. నానెందుకు పోతాను? నూనె రాసేను, కొంగుకి తుడిసేను, మట్టి రాసేను. ఎనకాల మొగోళ్ళు తోసీసేరు. ఒకణ్ణి మోచేత్తో పొడిసేను కూడా. ఆకర్ని ఎడం సెయ్యి బొటనేలు పడింది."

చెయ్యి చూపించింది. మణికట్టు దగ్గర వాచి, ఎర్రగా కమిలిపోయి ఉంది. తోపులాటలో గేటుకి నొక్కుకుపోయిందట. ఆసుపత్రికి పోదాం పద అంటే, ముందు బస్తాలు ఇంటికి చేర్చాలంది. నేనూ ఆటో ఎక్కాను.

మా బావ అరుగు మీద కూర్చుని పారకి పిడి బిగిస్తున్నాడు. ఆటో ఆగింది. అక్క దిగి, వెనక్కి చూపించింది. ఆయన బస్తాలు చూశాడు. తరవాత ఆవిడ చెయ్యి చూశాడు. ఆ తరవాత ఆవిణ్ణి చూశాడు. నేను ఆయన నోట్లోంచి ఒక మాట వస్తుందని ఎదురుచూశాను. ఆషాఢం దాటాక ఊరందరి తోటల మీదా నోరు పారేసుకునే మనిషి ఆయన. చేతులు కాలాక ఆకులెందుకే అంటాడనుకున్నాను.

"తెచ్చీసేవా" అన్నాడు. "బాగుంది. సెయ్యికి ఏటైనా రాసుకో ముందు."

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన లుంగీ ఎగ్గట్టి, తట్టలో యూరియా పోసుకుని, గెడల మొదళ్ళ దగ్గర చల్లుతున్నాడు. ఆ మోకాలితో వంగలేక ఒక్కో మొదలు దగ్గరా ఒక్కోసారి ఆగుతున్నాడు. నాకు వ్యవసాయం రాకపోయినా నెలలు లెక్కపెట్టడం వచ్చు.

"బావా, ఇప్పుడా?" అన్నాను.

"నోరు మూసుకో. మీ అక్క వింటాది" అన్నాడు.

మా అక్క నాలుగు చాళ్ళ అవతల, కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, రెండో చేత్తో చల్లుతోంది. పక్క చేలో వరి రైతు ఒకడు గట్టు మీద నిలబడి ఆశగా చూస్తున్నాడు. వరికి అది సరైన అదను. ఒక్క బస్తా ఇమ్మని అతను అడిగితే మా అక్క నవ్వి, "దొరికినప్పుడు తిరిగిచ్చీగలవా? లేవు కదా, ఎల్లు" అంది. మా బావ తల ఎత్తలేదు. ఇద్దరూ కలిసి రెండు బస్తాలూ ఖాళీ చేశారు.

ఆ తరవాత తోట పెరిగిన పెరుగుడు చూడాలి. పసుపు పోయి నల్లటి ఆకుపచ్చ తిరిగింది. గెడలు లావెక్కాయి. మొదళ్ళలో కొత్త పిలకలు, మెత్తగా, తెల్లగా, గుత్తులు గుత్తులుగా లేచాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "పరదేశి మామ తోటరా ఇది? ఇన్నాళ్ళూ మనకి సెప్పేవి శ్రీరంగనీతులా?" అని ఒకడు వెక్కిరించాడు కూడా. మా బావ నవ్వి ఊరుకున్నాడు. ఒక ఆదివారం సత్తియ్య వచ్చి గట్టు మీద తిరిగి, "అన్నా, ఈ ఏడు మన తోటంత బాగా ఎవులిదీ లేదు" అన్నాడు. మా అక్క ఆ రోజు కోడిని కోసింది. అన్నం తింటున్నప్పుడు నేను మా బావ వైపు చూడలేకపోయాను. ఆయన బాగానే తిన్నాడు, అదే నాకు అర్థం కాలేదు.

తుపాను గాలికి బలిసిన గెడలు పడిపోయాయి. ఎండుటాకులతో నాలుగేసి గెడల్ని కలిపి జడలాగ చుట్టి మళ్ళీ లేపి కట్టాలి. ఆ పని చేస్తే మెడ దగ్గర్నించి మోచేతుల దాకా ఆకు కోసేస్తుంది. ఇద్దరూ రోజుల తరబడి కట్టారు. ఆ సాయంత్రాల్లో వాళ్ళింటికి వెళ్తే ఒకళ్ళ వీపుకి ఒకళ్ళు కొబ్బరినూనె రాసుకుంటూ కనిపించేవారు. అప్పుడైనా చెప్తాడేమో అనుకునేవాణ్ణి. ఒకసారి ఆటో దాకా నాతో నడిచొచ్చి తనే అన్నాడు.

"నీళ్ళు బాగా తగిలినాయి కదా, యూరియా సగం కొట్టుకుపోయుంటాది. ఏటీ అవదులే."

నన్ను నమ్మించడానికి కాదు, తనకి తను చెప్పుకుంటున్నాడు. నేను అవునన్నాను. ఇంకేమంటాను?

మాఘంలో గానుగ ఆడించారు. వాళ్ళ ఊళ్ళో పాకం పట్టేది బంగారయ్య. చెరకున్న ప్రతి ఇంటికీ ఆయనే వండిపెడతాడు. మొదటి పెనం దించే రోజు చుట్టుపక్కలవాళ్ళు నలుగురూ వచ్చి నిలబడటం, వేడి బెల్లం ఆకులో పెట్టించుకుని తినడం మా వైపు ఆనవాయితీ. పొద్దున్నే వెళ్ళి నేనూ నిలబడ్డాను. సత్తియ్య రాత్రి డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో వచ్చి, నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు. మా అక్క పొయ్యి నోటి దగ్గర కూర్చుని పిప్పి ఎగదోస్తోంది.

రసం మరగడం మొదలెట్టాక బంగారయ్య బెండ జిగురు వేసి, పైకి తేలిన మడ్డి తీస్తూ పోయాడు. తీస్తున్నకొద్దీ తేలుతోంది. నురగ పెనం అంచు దాటి పోతోంది. మామూలుగా పాకం వచ్చే వేళ దాటిపోయింది. రంగు పసుపు తిరగాల్సింది, ఎర్రబడి, ఆ తరవాత ఇంకా ముదిరింది. బంగారయ్య గరిటెతో రెండు చుక్కలు నీళ్ళ గిన్నెలో వేశాడు. అవి ఉండ కట్టాలి. కట్టలేదు. అడుక్కి పోయి తీగలాగ సాగి ఊరుకున్నాయి. ఇంకాసేపు మంట పెట్టించి మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. చూడ్డానికి వచ్చిన నలుగురూ బెల్లం కోసం తెచ్చుకున్న ఆకులు పక్కన పెట్టేశారు.

ఆఖరికి మాడిపోతుందని పెనం దించేశారు. అచ్చుల్లో పోశారు. ఎంతసేపైనా గట్టిపడలేదు. బంగారయ్య ఒక అచ్చు వంచి చూపించాడు. తడి మన్నులాగ పక్కకి జారింది.

"పరదేశి బావా" అన్నాడు బంగారయ్య, మెల్లగానే. "ఆకర్ని యూరియా ఎప్పుడేసేవు?"

మా బావ గానుగ వైపు చూస్తూ, "ఆషాడంలోనే. ఎప్పుడూ ఏసినట్టే" అన్నాడు.

మా అక్క చేతిలో పిప్పి అలాగే ఉండిపోయింది. లేచి నిలబడింది. ఆవిడ ముఖం పొయ్యి వేడికి ఎర్రగా ఉంది.

"అబద్దం ఎందుకాడతావు? బాద్రపదంలో ఏసేం. నానే తెచ్చేను" అంది. తరవాత బంగారయ్య వైపు తిరిగి, "అందుకేనా?" అని అడిగింది.

బంగారయ్య తల దించుకున్నాడు. ఆ తల దించడంలోనే ఆవిడకి సమాధానం దొరికింది. మా అక్క చదువుకోలేదు గానీ మందబుద్ధి కాదు. ఆ అబద్ధం ఎందుకు పుట్టిందో, ఎవరిని కాపాడ్డానికి పుట్టిందో ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిస్తే కరిగిపోతుందనుకున్నాను. మొగుడు తన కోసం ఇంత మోశాడని ఏ ఆడదైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. నేను జెరాక్స్ కొట్టు వాణ్ణి, మనుషుల గురించి నాకేం తెలుసు?

"ఏస్తే ఇలగవుద్దని నీకు ఆరోజే తెలుసు కదా?" అంది.

మా బావ అచ్చు అంచుకి అంటిన పాకం వేలితో తుడిచాడు.

"అడుగుతన్నాను. తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరి ఎందుకేసేవు?"

"నీ సెయ్యి వాసిపోయి ఉందే" అన్నాడు మా బావ. "అన్ని రోజులు నిలబడి తెచ్చేవు. బస్తాలు దించినప్పుడు నీ మొకం సూసేను. ఎలా సెప్పమంటావు?"

"మొకాలు సూసి యవసాయం సేత్తారేటి?" అని అరిచింది మా అక్క. నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు. "లైన్లో నిలబడ్డం నా పని. ఎప్పుడెయ్యాలో సెప్పడం నీ పని. వద్దని ఆరోజే సెప్పుంటే ఒక పూట ఏడిసి ఊరుకుందును. ఆ వరి పిల్లోడు గట్టు మీద నిలబడి అడిగేడు, ఆడికి ఇచ్చీసినా పున్నెం వచ్చును. నన్ను మంచి సేసుకోడానికి తోటని సంపీసేవు."

మా బావ మోకాలు పట్టుకుని, మెల్లగా, చెరకు మోపు మీద కూర్చున్నాడు. నా ఎరకలో ఆయన పని వదిలేసి కూర్చోవడం అదే మొదటిసారి. నాకు ఆయన మీద కోపం వచ్చింది, మా అక్క మీద కోపం వచ్చింది, ఆషాఢంలో రాని ఆ లోడు మీద అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలీక ఊరికే నిలబడ్డాను.

బంగారయ్యే ముందు తేరుకున్నాడు. "ఇదిగో, రెండో పెనంలో కాసింత తెల్లమందు కలిపి, సున్నం ఎక్కువేత్తే రంగొత్తాది. పైన గట్టిగానే కనిపిత్తాది. పది రోజులు పోతే మళ్ళీ నల్లబడుద్ది గానీ, సత్తియ్య సూసేది ఈయాళే కదా" అన్నాడు గొంతు తగ్గించి.

తెల్లమందు అంటే బెల్లం పచ్చగా కనిపించడానికి కొందరు కలిపే మందు. మా బావ దాన్ని ఎన్నడూ తన పెనంలో పడనివ్వలేదు. ఇప్పుడాయన మా అక్క వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆ చూపులో వద్దని లేదు. ఆవిడ సరేనంటే సరేననేవాడే. అంత అలిసిపోయి ఉన్నాడు.

మా అక్క ఏదో అనేలోపే రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగిన చప్పుడైంది. సత్తియ్య టిఫిన్ బాక్సు సంచి భుజాన వేసుకుని, నిద్ర కళ్ళతో పాకలోకి వచ్చాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అచ్చుల వైపు చూశాడు. వంగి, వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు. తరవాత అన్న వైపు చూశాడు.

చెరకు మోపు మీద, మోకాలి చుట్టూ రెండు చేతులూ వేసుకుని, నేల చూస్తూ కూర్చున్న అన్న. మెడ నిండా ఆకు కోతలు. సత్తియ్య సంచి ఒక భుజం నించి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"పోనీలే అన్నా" అన్నాడు. "ఇంకో ఏడు సూద్దారి. సెరుకే ఉంచుదాం."

మా బావ తల ఎత్తాడు. ఆ కళ్ళలో ఏముందో నేను రాయలేను. అమ్మయ్య, అయిపోయింది, అనుకున్నాను. బంగారయ్య కూడా గరిటె కింద పెట్టేశాడు.

మా అక్క చేతిలో ఉన్న పిప్పి పొయ్యిలోకి తోసి, చేతులు దులుపుకుని, మరిది ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ తోట ఉండాలని మా బావ కంటే ఎక్కువగా కోరుకున్నది ఆవిడే. చెయ్యి వాచిపోయేలా లైన్లో నిలబడింది దాని కోసమే.

"సత్తియ్యా, నాకేసి సూడు" అంది. "నీకు సెరుకు కావాలా?"

"అది కాదొదినా, అన్న..."

"అన్న మొకం సూడకు. నన్నడిగితే నా మొకమూ సూడకు. నీకేటి కావాలో అది సెప్పు."

సత్తియ్య సంచి కింద పెట్టాడు. రాత్రంతా మేలుకున్న మనిషి, తూలుతున్నట్టున్నాడు.

"సరుగుడు" అన్నాడు. వినబడీ వినబడనట్టు.

"అయితే సరుగుడే" అంది మా అక్క. "మాట ఇచ్చింది నాను. దిమ్మ కట్టలేదు. ఈ ఇంట్లో మొకాలు సూసి సెప్పిన మాట నువ్విందాకన్నదే ఆకరి."

మా బావ ఆవిణ్ణే చూస్తున్నాడు. ఆయన మోపు మీద చెయ్యి ఆనించి లేచాడు. గానుగ కింద డ్రమ్ములో రసం నిండిపోయి పొర్లుతోంది. బయట ఇంకా ముప్పాతిక తోట నరకాల్సి ఉంది. అదంతా ఇలాగే ఉంటుంది, అయినా నరకాలి, ఆడించాలి, కాయాలి. ఆయన కుంటుకుంటూ వెళ్ళి డ్రమ్ముకి ఒక పక్క పట్టుకున్నాడు. మా అక్క వెళ్ళి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా రసాన్ని పెనంలో పోశారు.